శరణార్థుల మీద పీహెచ్‌డీ: బాలాపూర్ సర్వేతో మొదలుపెట్టొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎంఏ పొలిటికల్ సైన్స్ అయిపోయింది, శరణార్థుల రక్షణ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. "మన దేశంలో శరణార్థుల చట్టమే లేదు, ఇక దేని మీద రాస్తావు?" అని ఒక ప్రొఫెసర్ అన్నారు. హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు ఉన్నారు కాబట్టి రెండు వందల మందికి ప్రశ్నాపత్రం ఇచ్చి సర్వే చేస్తే సరిపోతుందా, ఏం చదవాలి, ఆ తర్వాత ఉద్యోగం దొరుకుతుందా అని మీ టెన్షన్.

సర్వే సంగతి ముందే చెప్పేస్తాను: వద్దు. కనీసం మొదటి రెండేళ్లు వద్దు. ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను, నేను చేసిన తప్పుతో సహా. కొంతకాలం ఒక స్వచ్ఛంద సంస్థలో, ఆ తర్వాత పాఠాలు చెప్పుకుంటూ పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. తప్పులు చేయడానికి అది చాలినంత కాలం.

ప్రొఫెసర్‌గారి మాటలో సగం నిజం ఉంది. 1951లో జెనీవాలో కుదిరిన శరణార్థుల ఒప్పందంలో భారత్ చేరలేదు, 1967 ప్రోటోకాల్‌లోనూ చేరలేదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ కూడా అంతే. కానీ ఆ ఒప్పందం ఎవరి కోసం రాశారో చూడండి. 1951 జనవరి 1కి ముందు జరిగిన సంఘటనల వల్ల పారిపోయినవాళ్లకే అది వర్తిస్తుందని గీత గీశారు. కావాలంటే యూరప్‌లో జరిగిన సంఘటనలకే పరిమితం చేసుకోవచ్చని సంతకం చేసే దేశాలకు వెసులుబాటు కూడా ఇచ్చారు. అది రాస్తున్న రోజుల్లోనే మన దగ్గర దేశ విభజన వల్ల కోటి మందికి పైగా ఇళ్లు వదిలి అటూ ఇటూ దాటారు. వాళ్ల గురించి ఆ కాగితంలో ఏమీ లేదు. 1967లో ఆ తేదీని తీసేశారు. నిర్వచనం మాత్రం అలాగే ఉంది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెంది ఉండడం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింట్లో ఏదో ఒక కారణంగా హింసిస్తారన్న భయం ఉండాలి, ఆ భయానికి ఆధారం ఉండాలి, సరిహద్దు దాటి ఉండాలి. ఊరి మీద బాంబులు పడుతున్నాయి కాబట్టి పారిపోయాను అంటే అదొక్కటే చాలదు. అది చాలడం లేదనే ఆఫ్రికా దేశాలు 1969లో తమ సొంత ఒప్పందం రాసుకుని యుద్ధం, పరాయి ఆక్రమణ, అల్లర్ల వల్ల పారిపోయినవాళ్లను కూడా చేర్చుకున్నాయి.

ఇక మన దేశం. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి, 2025 సెప్టెంబర్ 1 నుంచి ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్ వచ్చింది. పాతదానిలోనూ కొత్తదానిలోనూ శరణార్థి అనే వర్గం లేదు. వీసా గడువు దాటిన టూరిస్టు, ఇల్లు తగలబడితే బిడ్డను చంకనేసుకుని దాటిన తల్లి, ఇద్దరూ విదేశీయులే. అలాగని ప్రభుత్వం అందరినీ ఒకేలా చూసిందా? లేదు. 1959 తర్వాత వచ్చిన టిబెటన్లకు రిజిస్ట్రేషన్ పత్రాలు, కర్ణాటకలోని బైలకుప్పె లాంటి చోట్ల భూములు ఇచ్చారు. శ్రీలంక తమిళుల కోసం తమిళనాడు ప్రభుత్వం క్యాంపులు నడుపుతోంది. రోహింగ్యాలకు, అఫ్గాన్లకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డు తప్ప మరోటి లేదు, ఆ కార్డు ఉన్నంత మాత్రాన ఇక్కడ ఉండే హక్కు రాదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం మూడు దేశాల నుంచి, ఆరు మతాల వాళ్లకు, 2014 డిసెంబర్ 31 లోపు వచ్చి ఉంటేనే అంటుంది. 2025లో కొత్త చట్టంతోపాటు వచ్చిన మినహాయింపు ఉత్తర్వు అవే వర్గాలకు ఆ తేదీని 2024 డిసెంబర్ 31 దాకా జరిపింది, పౌరసత్వానికి కాదు, కేసుల నుంచి మినహాయింపుకు. రిజిస్టరైన శ్రీలంక తమిళులకు అందులోనే 2015 జనవరి 9 అని వేరే తేదీ. చట్టం లేదు అనడం కన్నా, ఒక్కొక్కరికి ఒక్కో పద్ధతి ఉంది అనడం సరిగ్గా ఉంటుంది. మీ ప్రొఫెసర్‌గారికి ఇదే చెప్పండి. ఇన్ని పద్ధతులు ఎలా వచ్చాయి, ఏ ఆఫీసులో ఎవరు తేల్చారు అన్నదాని మీదే ఒక థీసిస్ రాయొచ్చు.

కోర్టు తీర్పుల్లో రెండు మాత్రం పక్కపక్కన పెట్టుకుని చదవండి. 1996లో జాతీయ మానవ హక్కుల కమిషన్ అరుణాచల్ ప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన కేసులో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మాల ప్రాణాలను కాపాడాల్సిన బాధ్యత రాష్ట్రానిదేనని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ప్రాణ హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణ పౌరులకే కాదు, మనుషులందరికీ అన్నది. 2021 ఏప్రిల్‌లో జమ్ములోని రోహింగ్యాల కేసులో, 21 అందరికీ వర్తిస్తుందని ఒప్పుకుంటూనే, దేశం నుంచి పంపించకుండా ఉండే హక్కు మాత్రం నివాస హక్కుతో ముడిపడింది, అది పౌరులకే అన్నది. పద్ధతి ప్రకారం అయితే పంపొచ్చంది. అధికరణ అదే, ఫలితం మాత్రం వేరు. రెండు కేసుల్లో కోర్టును అడిగిందేమిటో గమనించండి. మొదటిదానిలో స్థానిక సంఘాల బెదిరింపుల నుంచి కాపాడమన్నారు, రెండోదానిలో ప్రభుత్వం నుంచే కాపాడమన్నారు. ఈ తేడా చెప్పకుండా "కోర్టు వెనక్కి తగ్గింది" అని రాసే వ్యాసాలు చాలా చూశాను, అలా రాయకండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ రంగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే: మనిషికి ఏ పేరు పెట్టారు, ఏ తేదీ దగ్గర గీత గీశారు అన్నది ముందు చూడాలి. ఆ పేరుకు, ఆ గీతకు బయట పడ్డవాళ్లు ఎవరో చూస్తే టాపిక్ దానంతట అదే దొరుకుతుంది.

మన తెలుగులోనే ఎన్ని మాటలున్నాయో చూడండి. పాత పత్రికల్లో కాందిశీకులు అని రాసేవాళ్లు. సంస్కృతం నుంచి వచ్చింది, "ఏ దిక్కుకు పోను?" అంటూ పరుగెత్తేవాడు అని అర్థం చెప్తారు. ఎంత మంచి మాటో, ఇప్పుడెవరూ వాడడం లేదు. శరణార్థి అంటే శరణు కోరేవాడు, దృష్టంతా ఆశ్రయం ఇచ్చేవాడి మీదికి పోయింది. ప్రాజెక్టు కింద ఊరు మునిగితే నిర్వాసితుడు అంటాం. పాలమూరు నుంచి బొంబాయికి పనికి పోతే వలస కూలీ. శ్రీశైలం ముంపులో భూమి పోయినవాడు, పదేళ్ల తర్వాత ఇటుక బట్టీలో తేలితే ఏ మాట వాడాలి? నిర్వాసితుడా, వలస కూలీయా? ఆఫీసు ఫైల్లో మాత్రం నష్టపరిహారం ముట్టిన రోజుతో అతని నిర్వాసితత్వం అయిపోయింది.

దీన్ని ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన రోజర్ జెట్టర్ 1991లో ఒక వ్యాసంలో సిద్ధాంతంగా చెప్పారు. శరణార్థి అనే లేబుల్ ఆఫీసుల అవసరం కోసం తయారవుతుంది, తర్వాత ఆ మనిషి తన బతుకును ఆ లేబుల్‌కు తగ్గట్టు మలుచుకోవాల్సి వస్తుంది అని ఆయన వాదన. నాకు ఇది పుస్తకంలో చదివినప్పుడు అర్థం కాలేదు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని చర్ల మండలంలో అర్థమైంది.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్‌లో సల్వాజుడుం, అంటే మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళాల ఉద్యమం, మొదలైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క క్యాంపుల్లో పెట్టారు, చాలామంది అడవి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వచ్చారు. ఇప్పటి లెక్కలో భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, భూపాలపల్లి, ఆంధ్రాలో చింతూరు వైపు. మనవాళ్లు వాళ్లను గుత్తికోయలు అంటారు. వాళ్లను అడిగితే చాలామంది మురియా అంటారు. సరిహద్దు దాటింది రాష్ట్రానిది, దేశానిది కాదు కాబట్టి వాళ్లు శరణార్థులు కారు. ఇలాంటివాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో అంతర్గత నిర్వాసితులపై మార్గదర్శక సూత్రాలు తెచ్చింది, కానీ అవి చట్టం కాదు, మన దేశంలో దానికి తగ్గ చట్టమూ లేదు. ఎస్టీ హోదా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి అక్కడ ఉన్న గుర్తింపు ఇక్కడ చెల్లదు. సొంత దేశంలోనే ఉన్నారు, చేతిలో ఏ పేరూ లేదు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక గూడెంలో ఇంటింటికీ తిరిగి, ఇప్పుడు మీరు చేయాలనుకుంటున్నట్టే, ప్రశ్నాపత్రం నింపాను. "ఏ సంవత్సరం వచ్చారు?" అన్నది మూడో ప్రశ్న. దాదాపు అందరూ ఒకే సంవత్సరం చెప్పారు. డేటా ఎంత శుభ్రంగా వచ్చిందో అని సంబరపడ్డాను! అడవి హక్కుల చట్టం ప్రకారం పట్టా రావాలంటే 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఆ భూమి సాగులో ఉండాలని నాకు తెలుసు. కాని ఆ తేదీకీ నా మూడో ప్రశ్నకూ ఉన్న సంబంధం తట్టలేదు. జూన్‌లో గొడవ మొదలైంది, డిసెంబర్‌తో గీత. మధ్యలో ఉన్నది ఆరు నెలలు. ఆ ఆరు నెలల తర్వాత వచ్చినవాళ్లకు నిజం చెబితే ఏమొస్తుంది? నా ప్రశ్న వాళ్ల చెవికి ఫారెస్టు వాళ్ల ప్రశ్నలాగే వినిపించింది.

రెండోసారి సంవత్సరం అడగలేదు. పెద్ద పిల్ల ఎక్కడ పుట్టింది, చిన్నోడు ఎక్కడ పుట్టాడు, ఈ చెలకలో మొదటి పంట ఏం వేశారు, దారిలో ఎవరైనా చనిపోయారా అని మాటల్లో పెట్టాను. అప్పుడు తేలింది, చాలా కుటుంబాల మగవాళ్లకు, ఆడవాళ్లకు ఈ ఊళ్లు ముందే తెలుసు. మిర్చి ఏరడానికి ఏటా వచ్చేవాళ్లు. ఊరు తగలబడ్డప్పుడు తెలిసిన ఆసామి ఉన్న వైపే నడిచారు. మరి ఇది బలవంతపు వలసా, కూలి వలసా? రెండూనూ. కూలికి వచ్చిన దారే ప్రాణం కాపాడుకునే దారి అయింది. ఫారంలో మాత్రం ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలి.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. మొదటి ట్రిప్పులో ఏ గుడిసె ఎక్కడ ఉందో నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకున్నాను, పేర్లతో సహా. తిరిగి వస్తుంటే ఒక చెక్‌పోస్ట్ దగ్గర ఆ పుస్తకం చూపించమన్నారు. చూపించాను. అప్పుడు నాకది తప్పని కూడా తోచలేదు. దానివల్ల ఎవరికైనా ఏమైనా అయిందా అంటే, నాకు తెలిసి కాలేదు. నాకు తెలిసి, అంతే. లాయరుకు ఉన్నట్టు పరిశోధకుడికి మన దేశంలో గోప్యతకు చట్టపరమైన రక్షణ లేదు. పోలీసులు చట్టప్రకారం అడిగితే మీ రికార్డింగులు ఇవ్వాల్సి రావచ్చు. కాబట్టి వాళ్లకు దొరకకూడనిది ఏదైనా ఉంటే అది మీ దగ్గర ఉండకూడదు. పేర్లు వద్దు, ఫోన్ నంబర్లు వద్దు, జీపీఎస్ ఆన్‌లో ఉన్న ఫొటోలు అసలే వద్దు.

బాలాపూర్ సర్వే వద్దన్నది ఇందుకే. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలను దేశంలేని వాళ్లను చేసింది. 2012లో రఖైన్‌లో దాడులు, 2017 ఆగస్టులో సైన్యం ఊచకోత, ఆ కొన్ని నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి దాటారు. హైదరాబాద్‌లో ఉన్న కొన్ని వేల మందిలో ఎవరికి ఎప్పుడు ఏ నోటీసు వస్తుందో తెలియదు. అక్కడికి జర్నలిస్టులు వెళ్లారు, పోలీసు వెరిఫికేషన్ జరిగింది, విద్యార్థులు వెళ్లారు, సంస్థలు వెళ్లాయి. అందరూ అడిగేది ఒకటే: ఎందుకు వచ్చారు, ఎలా వచ్చారు. ఆ కథను వాళ్లు శరణార్థి కార్డు ఇంటర్వ్యూ కోసం ఎన్నోసార్లు చెప్పి ఉంటారు, మీకూ అదే చెప్తారు. అబద్ధమని కాదు. అది ఆ ఇంటర్వ్యూకి సరిపోయేలా కుదించిన నిజం. పైగా మీరు సమ్మతి పత్రం తీసి సంతకమో వేలిముద్రో అడిగితే, కాగితం మీద వేలిముద్ర వేసినందుకు జరిగిన అనుభవాలు వాళ్లకు చాలా ఉన్నాయి. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ సంతకమే కావాలంటుంది. నోటిమాట సమ్మతికి అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి, కమిటీలు ఒప్పుకుంటాయి, కాకపోతే కారణం మీరే రాయాలి.

ఇంకా వెళ్లాలనే ఉంటే, ప్రశ్నలతో వెళ్లకండి. పిల్లలకు ట్యూషన్ చెప్పే వాళ్లతోనో, ఆసుపత్రికి తోడు వెళ్లే వాళ్లతోనో ఏడాది తిరగండి. ఆ ఏడాదిలో ఒక్క ముక్క రాసుకోకపోయినా నష్టం లేదు. "ఈ సారుకు చెబితే కార్డు వస్తుందా" అన్న ఆశ వాళ్ల కళ్లల్లో పోయాకే అసలు మాటలు మొదలవుతాయి. దానికి మీ ఫెలోషిప్ గడువు చాలుతుందా అన్నది వేరే ప్రశ్న, అందుకే మొదటి రెండేళ్లు వద్దన్నాను.

చదవాల్సినవాటికి పెద్ద లిస్టు ఇవ్వను, లిస్టులు ఎవరూ చదవరు. మొదట జేఎన్‌యూలో పాఠాలు చెప్పిన బి.ఎస్. చిమ్ని 1998లో శరణార్థి అధ్యయనాల రాజకీయాల మీద రాసిన వ్యాసం చదవండి. కోల్డ్ వార్ రోజుల్లో తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లను పశ్చిమ దేశాలు చేతులు చాచి తీసుకున్నాయి. పేద దేశాల నుంచి రావడం మొదలయ్యాక, వీళ్లు వేరే రకం శరణార్థులు అనే కథ పుట్టించి తలుపులు మూశాయి, ఈ అధ్యయన రంగం కూడా అందుకు పనికొచ్చింది అంటారాయన. మన దేశం నుంచి ఈ రంగానికి దీన్ని మించిన రచన రాలేదని నా అభిప్రాయం. తర్వాత లీసా మాల్కీ. బురుండీ నుంచి టాంజానియాకు పారిపోయిన హుటూ తెగవాళ్ల మీద ఆమె చేసిన పని 1995లో పుస్తకంగా వచ్చింది. క్యాంపులో ఉన్నవాళ్లు తమ చరిత్రను ఒక పురాణంలా కట్టుకుని "మేం శరణార్థులం, ఒక జాతి" అనుకున్నారు, పట్టణంలో కలిసిపోయినవాళ్లు ఆ పేరే వద్దనుకున్నారు. పారిపోయింది ఒకే దేశం నుంచి, ఉన్న చోటు మాత్రం మనిషిని మార్చేసింది. సహాయ సంస్థలను ఎలా చూడాలో బార్బరా హారెల్-బాండ్ దగ్గర నేర్చుకోవాలి. ఆక్స్‌ఫర్డ్‌లో 1982లో శరణార్థి అధ్యయనాల విభాగం మొదలుపెట్టింది ఆవిడే, సహాయం చేసేవాళ్లను మొహమాటం లేకుండా తిట్టిందీ ఆవిడే. మన దగ్గర కలకత్తా రీసెర్చ్ గ్రూప్ ప్రచురణలు వెతకండి, విభజన శరణార్థుల మీద బాగా పని చేశారు.

అంకెల విషయంలో కొంచెం జాగ్రత్త. 2024 చివరికి ప్రపంచంలో 12.32 కోట్ల మంది బలవంతంగా ఇళ్లు వదిలినవాళ్లని శరణార్థుల సంస్థ లెక్క. అందులో 7.35 కోట్ల మంది సొంత దేశం దాటనివాళ్లు. ప్రతి థీసిస్ ఈ అంకెతోనే మొదలవుతుంది, మీది మొదలు కానక్కర్లేదు. మొత్తం అంకె కన్నా, మీరు చదివే మనుషులు ఆ లెక్కలో ఉన్నారా లేరా అన్నది ముఖ్యం. డ్యాముల నిర్వాసితులు అందులో లేరు. మన దేశానికి సంబంధించి పార్లమెంటులో హోంశాఖ ఇచ్చిన లిఖిత జవాబులు మంచి ఆధారం. ఒకే ప్రశ్నకు వేర్వేరు ఏళ్లలో ఇచ్చిన జవాబులు పక్కపక్కన పెడితే ప్రభుత్వం వాడే మాట ఎప్పుడు మారిందో కనిపిస్తుంది.

మీ స్థానంలో నేనుంటే ఏ టాపిక్ తీసుకుంటానో చెప్తాను. బర్మా తెలుగువాళ్లు.

గోదావరి జిల్లా కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు అక్కడ మనవాళ్లను కోరంగీలు అనేవాళ్లు. రంగూన్ రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది వీళ్లే. 1931 నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు, రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. 1930 మేలో రేవు కూలీల సమ్మె మీద మొదలైన అల్లర్లలో ముందు తెగిపడింది తెలుగువాళ్లే. 1941 డిసెంబర్‌లో జపాన్ రంగూన్ మీద బాంబులేసింది. ఆ తర్వాతి నెలల్లో లక్షల మంది నడిచి వచ్చారు, కొందరు టౌంగప్ కనుమ దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు తమూ మీదుగా ఇంఫాల్ వైపు. దారిలో ఎంతమంది పోయారో సరైన లెక్కే లేదు. మళ్లీ 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం, 1964లో దుకాణాల జాతీయీకరణ, యాభై, వంద చాట్ల (బర్మా కరెన్సీ) నోట్ల రద్దు. మూడు లక్షల మంది దాకా భారతీయులు ఖాళీ చేతులతో ఓడలెక్కారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అనే పేరు అలా మిగిలింది.

వీళ్లకు ప్రభుత్వం పెట్టిన పేరు శరణార్థులు కాదు, రిపాట్రియేట్లు, అంటే స్వదేశానికి తిరిగొచ్చినవాళ్లు. వాళ్లలో ఎంతోమంది పుట్టిందే బర్మాలో, ఆంధ్ర మొహం ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ పేరు వల్లే అప్పులు, స్థలాలు వచ్చాయి. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. అదే కాలంలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి కాగజ్‌నగర్ దగ్గర ఈజ్‌గాంలో స్థిరపడ్డ బెంగాలీలను పెట్టి పోల్చి చూడండి. వాళ్లు శరణార్థులే, ఆ పేరు ఇంకా వదల్లేదు. అప్పటి ఒకే రాష్ట్రంలో, దాదాపు ఒకే దశకంలో, రెండు పేర్లు, రెండు రకాల బతుకులు. దీనికి కావాల్సిన పాత రికార్డుల కోసం ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ చూడాలి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికలు తిరగేయాలి. దుమ్ము తప్ప ప్రమాదం లేని పని. మీరు రాసినదాని వల్ల ఎవరినీ ఎవరూ సరిహద్దు దాటించరు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను, తక్కువ. శరణార్థుల సంస్థలో, న్యాయ సహాయ సంస్థల్లో కాంట్రాక్టు పోస్టులు ఉంటాయి, అక్కడ లా డిగ్రీ ఉన్నవాళ్లకే ముందు పిలుపు. నిధులు తగ్గితే మొదట పోయేవీ అవే. యూనివర్సిటీల్లో ఈ సబ్జెక్టు పేరుతో పోస్టు దాదాపు ఉండదు, పొలిటికల్ సైన్స్ పోస్టుకే పోటీ పడాలి. అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాసి పెట్టుకోండి.

బర్మా టాపిక్ నచ్చితే మాత్రం ఆలస్యం చేయకండి. 1964లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు డెబ్బై దాటాయి. వెళ్లినప్పుడు ప్రశ్నాపత్రం బ్యాగులోంచి తీయకండి. ట్రంకు పెట్టెలో ఏం తెచ్చుకోనిచ్చారు, ఏం లాక్కున్నారు అని అడగండి, వీలైతే ఆ పెట్టె ఇంకా ఉందేమో చూపించమనండి.